పిస్టల్‌కు నమ్మకమైన స్పేర్ మ్యాగజైన్: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

పిస్టల్ జామ్ అయితే మనవాళ్లు మొదట తిట్టేది పిస్టల్‌నే. తర్వాత రౌండ్లను (తూటాలను). రౌండ్లు నింపి పిస్టల్ పిడిలో పెట్టే డబ్బా, అంటే మ్యాగజైన్ వైపు చూపు వెళ్లేది చివర్లో. కానీ సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో మాటిమాటికీ బయటికి తీసేది, కింద పడేది, దుమ్ము తాకేది అదే. పల్చటి రేకు, ఒక స్ప్రింగ్, దాని మీద కూర్చుని రౌండ్లను పైకి తోసే ఫాలోవర్, అడుగున ఒక బేస్ ప్లేట్. ఈ నాలుగింటిలో ఏది తేడా చేసినా ఎంత ఖరీదైన పిస్టల్ అయినా ఆగిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పిస్టల్‌లో, మీరు వాడే రౌండ్లతో, రేంజ్‌లో పరీక్షకు నిలబడిందే నమ్మదగిన మ్యాగజైన్. బ్రాండు, ధర, డీలర్ మాట ఇవన్నీ సరైన దాన్ని పరీక్ష దాకా తీసుకెళ్లడానికే పనికొస్తాయి. అనుమానం ఉన్న అయిదింటి కన్నా పరీక్షలో గెలిచిన రెండే మేలు.

ఇది ఇద్దరి కోసం రాస్తున్నాను. ఒకరు విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఆత్మరక్షణ కోసం .32 పిస్టల్ లైసెన్సు ఉన్నవారు. మరొకరు .22 స్పోర్ట్స్ పిస్టల్‌తో 25 మీటర్ల పోటీలకు సాధన చేసేవారు, ఆ పిల్లల తల్లిదండ్రులు. 9 ఎంఎం పారాబెల్లమ్ మన దేశంలో నిషిద్ధ బోర్ (గొట్టం లోపలి కొలతను బట్టి నిషేధించిన రకం), మామూలు పౌరులకు దొరికేది కాదు, కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

మొదటి అడుగు: కాగితాలు

1959 నాటి ఆయుధాల చట్టంలో ‘ఆయుధాలు’ అన్న నిర్వచనంలోనే విడిభాగాలు కూడా ఉన్నాయి. అందుకని మ్యాగజైన్‌ను మొబైల్ కవర్ కొన్నట్టు కొనకూడదు. లైసెన్సున్న డీలర్ దగ్గరే, మీ లైసెన్సు చూపించి, మీ పిస్టల్ మోడల్, నంబర్ రాయించిన బిల్లుతోనే తీసుకోండి. ఎన్ని స్పేర్లు ఉంచుకోవచ్చో, బిల్లుతో పాటు ఇంకేమైనా రాయించాలో మీకు లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో ముందే అడగండి. ఫోన్‌లో ఎవరో పంపిన ఫొటో చూసి కొరియర్‌లో తెప్పించుకోవడం, విదేశం నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో పెట్టించుకోవడం అసలు వద్దు. అమెరికాలో ఉన్న బావమరిది అక్కడ షాపులో మామూలుగా కొనగలిగేది ఇక్కడ ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది.

2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఆ సమయంలో పాత పిస్టల్ అప్పగించినవాళ్లు దాని మ్యాగజైన్లు బీరువాలో మర్చిపోయి ఉండొచ్చు. ఒకసారి వెతికి, దొరికితే వాటినీ డీలర్ ద్వారా సరిగ్గా అప్పగించండి.

రెండో అడుగు: మీ పిస్టల్ ఏదో కచ్చితంగా తెలుసుకోవడం

‘.32 మ్యాగజైన్ కావాలి’ అని అడిగితే పని జరగదు. కాలిబర్ (గొట్టం లోపలి కొలత) ఒకటైనంత మాత్రాన మ్యాగజైన్ ఒకటి కాదు. వాల్తర్ పీపీ, పీపీకే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ .32లో పీపీకి 8 రౌండ్లు, పీపీకేకి 7 రౌండ్లు పడతాయి, పొడవు వేరు. ఎఫ్ఎన్ 1910కి 7 రౌండ్లు, దాని తర్వాత వచ్చిన పొడవైన 1922 మోడల్‌కు 9. పైగా ఈ పాత యూరప్ పిస్టళ్లలో కొన్నింటికి .32తో పాటు .380 కాలిబర్‌లోనూ మ్యాగజైన్లు ఉండేవి, చూపుకు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మ్యాగజైన్ మీద 7.65 అని గుర్తు ఉందో లేదో చూడండి. .32 ఏసీపీకి యూరప్ పేరు 7.65 ఎంఎం బ్రౌనింగ్.

మన దగ్గర చాలా కుటుంబాల్లో తాతలనాటి విదేశీ పిస్టళ్లు ఉన్నాయి. 1980ల నడుమ పౌరుల కోసం తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. అందుకే వాటి ఒరిజినల్ మ్యాగజైన్లు అరుదు, దొరికినా పాతవే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 పిస్టల్ ఉన్నవారికి ఈ బాధ తక్కువ. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక చిన్న ఆయుధాల పని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా చేతికి వెళ్లింది. స్పేర్ కోసం అడిగేటప్పుడు మీ పిస్టల్ ఏ ఫ్యాక్టరీది, ఏ సంవత్సరానిది అన్నది కూడా చెప్పండి.

మీ పిస్టల్ పనితీరు కూడా తెలిసి ఉండాలి. ఆఖరి రౌండ్ పేలాక వాల్తర్ పీపీ స్లైడ్ (పేలినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పైభాగం) వెనకే ఆగుతుంది. ఎఫ్ఎన్ 1910 స్లైడ్ ముందుకు మూసుకుపోతుంది, దాని తయారీయే అంత. ఇది తెలియక మంచి మ్యాగజైన్‌ను ‘స్లైడ్ ఆపడం లేదు’ అని పక్కన పడేస్తుంటారు.

మూడో అడుగు: ఏది అడగాలి

మొదటి ఎంపిక ఎప్పుడూ పిస్టల్ తయారీదారుదే. రెండోది, ఆ తయారీదారుకే మ్యాగజైన్లు సరఫరా చేసే కంపెనీది. మూడోది, పాతదైనా ఒరిజినల్. ఊరూపేరూ లేని కాపీలు నా లెక్కలో లేవు. ‘లోకల్‌గా చేయించాం, బాగా పనిచేస్తుంది సార్’ అంటూ ఎవరైనా చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. లైసెన్సు లేకుండా ఆయుధ భాగాలు చేయడం నేరం. నాణ్యత చూసినా, పైన రౌండ్‌ను పట్టి ఉంచే రెండు అంచులకు, అంటే లిప్స్‌కు, సరైన గట్టిదనం రావాలంటే ఉక్కును కొలత ప్రకారం వేడి చేసి చల్లార్చాలి. కొలిమి దగ్గర అంచనాతో అది కుదరదు. మెత్తగా మిగిలిన లిప్స్ కొద్ది రోజుల్లోనే విచ్చుకుంటాయి.

ఎక్కువ రౌండ్లు పట్టే పొడుగు మ్యాగజైన్ల మోజు కూడా వదిలేయండి. పిస్టల్‌తో వచ్చిన సామర్థ్యం ఎంతో స్పేర్ కూడా అంతే ఉండాలి.

స్పోర్ట్స్ పిస్టల్ కొనేవారికి ఒక మాట. వాల్తర్ అయినా, పార్దిని అయినా, కావలసిన మ్యాగజైన్లు పిస్టల్‌తో పాటే ఆర్డర్ పెట్టండి. తర్వాత ఒక్క మ్యాగజైన్ కోసం మళ్లీ దిగుమతి కాగితాలు నడపాలంటే నెలలు గడిచిపోతాయి, ఖర్చు కూడా వస్తువు విలువను దాటిపోతుంది. పోటీలకు సాధన చేసేవారికి నాలుగు సరిపోతాయి: రెండు పోటీకి, ఒకటి పోటీ రోజు సంచీలో స్పేర్‌గా, ఒకటి రోజువారీ సాధనకు. ఇంట్లో .32 ఉన్నవారికి పిస్టల్‌తో వచ్చినది కాక ఒకటి, మహా అయితే రెండు.

నాలుగో అడుగు: కౌంటర్ దగ్గర పరిశీలన

తొందరపడకూడని చోటు ఇదే. డీలర్‌ను ‘అన్నా, ఒక్క పది నిమిషాలు కూర్చుని చూసుకుంటా’ అని అడగండి. సరుకు మీద నమ్మకమున్న డీలర్ కాదనడు. వెళ్లేటప్పుడు చిన్న టార్చి, వెర్నియర్ క్యాలిపర్, రబ్బరు ఉన్న పెన్సిల్, మీ దగ్గర బాగా పనిచేస్తున్న పాత మ్యాగజైన్ ఖాళీగా తీసుకెళ్లండి. డీలర్ ఒప్పుకుంటే, ఖాళీ చేసిన పిస్టల్ కూడా.

ముందు లిప్స్. మ్యాగజైన్‌ను నిలువుగా పట్టుకుని పైనుంచి చూడండి. రెండు అంచులు సమానంగా, ఒకే ఎత్తులో ఉండాలి. వెనక మూలలో, రేకు వంపు తిరిగే చోట, టార్చి వెలుగు అడ్డంగా పడేలా తిప్పండి. అక్కడ వెంట్రుకలాంటి గీత కనిపిస్తుందా? వేలి గోరు దానిమీద నెమ్మదిగా లాగి చూడండి. గోరు ఆగితే అది పగులు. పైపూత మీది గీత అయితే గోరు జారిపోతుంది. పగులున్న మ్యాగజైన్ సగం ధరకు ఇచ్చినా వద్దు. ప్లయర్‌తో నొక్కిన గుర్తులు ఉన్నా వద్దు, ఎవరో దాన్ని సరిచేయాలని చూసి వదిలేశారని అర్థం.

తర్వాత క్యాలిపర్‌తో లిప్స్ మధ్య ఖాళీ కొలవండి, ముందు, మధ్య, వెనక మూడు చోట్ల. పుస్తకంలో కొలత కోసం వెతకనక్కర్లేదు, మీ పాత మ్యాగజైనే కొలబద్ద. రెండింటికీ బాగా తేడా కనిపిస్తే పక్కన పెట్టండి. ఖాళీ ఎక్కువైతే రౌండ్ ముందే ఎగిరి బయటికి వస్తుంది, ఒక్కోసారి రెండు రౌండ్లు ఒకేసారి వస్తాయి. ఖాళీ తక్కువైతే స్లైడ్ రౌండ్‌ను తోయడానికి తడబడుతుంది.

ఇప్పుడు పెన్సిల్ రబ్బరు వైపుతో ఫాలోవర్‌ను అడుగుదాకా నొక్కి మెల్లగా వదలండి. ఒకే ఊపులో పైకి రావాలి. మధ్యలో ఆగినా, ముందుకు వాలినా, గరగరమన్నా లోపల బుర్ర్ (రేకు అంచున మిగిలిన గరుకు) గానీ తుప్పు గానీ నొక్కు గానీ ఉన్నట్టే. ఫాలోవర్‌ను ఒకసారి ముందు భాగం మీద, ఒకసారి వెనక భాగం మీద నొక్కండి. ముందుకు నొక్కినప్పుడు అలాగే ఇరుక్కుపోతే, రేపు రౌండ్ మొన కిందికి వాలి ర్యాంప్‌కు (గొట్టంలోకి ఎక్కించే వాలుకు) గుద్దుకుంటుంది. జామ్‌లలో తరచూ కనిపించేది ఇదే.

వెనక అతుకు నునుపుగా ఉండాలి. బాడీ పక్కల మీద నొక్కులు ఉండకూడదు. మ్యాగజైన్‌ను పిస్టల్‌లో పట్టి ఉంచే కొక్కెం, అంటే క్యాచ్, పట్టే గాడి అంచులు పదునుగా ఉండాలి, అరిగి గుండ్రంగా మారితే పేల్చే కుదుపుకు మ్యాగజైన్ కిందికి జారుతుంది. బేస్ ప్లేట్ కదలకూడదు. పాత సరుకైతే స్ప్రింగ్ బయటికి తీయించి చూడండి, తీసేటప్పుడు ముఖం దూరంగా ఉంచి బొటనవేలు అడ్డం పెట్టాలి, లేదంటే కంటికి తగులుతుంది. చుట్ల మధ్య దూరం సమానంగా ఉండి, తుప్పు మచ్చలు లేకపోతే సరే.

అయిదో అడుగు: ఖాళీ పిస్టల్‌తో అమరిక

ఇక్కడ ఒక భద్రతా విషయం గట్టిగా చెప్పాలి. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోదు. ఛాంబర్‌లో, అంటే రౌండ్ పేలే గదిలో, ఒక రౌండ్ ఉండిపోవచ్చు. మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ వెనక్కి లాగాలి, ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, చిటికెన వేలితో తాకాలి. రౌండ్లన్నీ మరో గదిలో తాళం వేసి ఉంచాకే మిగతా పని. పిల్లలు లేనప్పుడు, గోడకు అవతల మనుషులు లేని దిక్కుకు గురిపెట్టి చేయండి.

ఖాళీ మ్యాగజైన్ పెట్టండి. క్యాచ్ పట్టిన ‘టక్’ స్పష్టంగా వినిపించాలి. కిందికి లాగితే రాకూడదు. పక్కలకు కొంచెం కదలడం మామూలే, పైకీ కిందికీ కదలడం మంచిది కాదు. బటన్ నొక్కితే దానంతట అది జారిపడాలి. పిడి అడుగున (మడమ దగ్గర) క్యాచ్ ఉండే పాత పిస్టళ్లలో మాత్రం చేత్తో లాగాలి, దాన్ని దోషంగా చూడకండి. స్లైడ్ ఆపే రకమైతే, వెనక్కి లాగి వదలండి, ఖాళీ మ్యాగజైన్ ఫాలోవర్ దాన్ని ప్రతిసారీ ఆపాలి. ఒకసారి ఆగి ఒకసారి జారిపోతే స్ప్రింగ్ నీరసంగా ఉంది, లేదా ఫాలోవర్ అంచు అరిగింది. ఇంట్లో రౌండ్ కదలిక చూడాలంటే డమ్మీ (మందు లేని) రౌండ్లు వాడండి. అసలు రౌండ్లతో ఇంట్లో స్లైడ్ ఆడించడం ఎంత జాగ్రత్తపరుడైనా చేయకూడని పని.

ఆరో అడుగు: రేంజ్ పరీక్ష

అనుమతి ఉన్న రేంజ్‌లోనే. తాడేపల్లి వైపు తోటలో, కృష్ణ ఇసుక తిన్నెల మీద ‘రెండే రౌండ్లు’ అంటే లైసెన్సు పోతుంది, జైలు కూడా ఎదురవుతుంది.

వెళ్లే ముందు ప్రతి మ్యాగజైన్ బేస్ ప్లేట్ మీద పెయింట్ మార్కర్‌తో నంబర్ వేయండి. దీనికన్నా చవకైన, ఉపయోగమైన పని మరొకటి లేదు. నంబర్ లేని నాలుగు మ్యాగజైన్లలో ఒకటి జామ్ అయితే ఏదో తెలియక నాలుగింటి మీదా నమ్మకం పోతుంది.

మొదట మూడు రౌండ్లతో మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా నింపండి. పూర్తిగా నింపాక, ఫైరింగ్ లైన్ మీద, స్లైడ్ మూసి ఉండగా మ్యాగజైన్ లోపలికి ఎక్కుతుందా చూడండి. కొత్త స్ప్రింగ్ గట్టిగా ఉండి క్యాచ్ పట్టకపోవచ్చు. కొంచెం అణిగాక సర్దుకుంటే మంచిదే. లేకపోతే ఆ మ్యాగజైన్‌లో ఒక రౌండ్ తక్కువ నింపి వాడటం తెలివైన పని. మన దగ్గర రౌండ్లు ఖరీదు, లైసెన్సులో పరిమితి కూడా ఉంటుంది. అందుకని .32 వారు పరీక్షకంటూ విడిగా కాల్చకుండా, సాధన చేసిన ప్రతిసారీ కొత్త మ్యాగజైన్‌నే వాడుతూ పుస్తకంలో రాసుకోవచ్చు. మూడు నాలుగు సార్లు పూర్తిగా నింపి, ఒక్క తడబాటు లేకుండా ఖాళీ అయితేనే ఇంట్లో నమ్మకంగా పెట్టుకోండి. సాధనకు ఒక రకం, ఇంట్లో మరో రకం రౌండ్లు ఉంటే పరీక్ష ఇంట్లో ఉంచే రకంతోనే జరగాలి.

.32 ఏసీపీ రౌండ్ అడుగున అంచు కేసు కన్నా కొద్దిగా వెడల్పు. పొట్టి హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న) రౌండ్లు వాడితే మ్యాగజైన్‌లో ముందూ వెనకా కదలడానికి చోటు దొరికి, పై రౌండ్ అంచు కింది దాని అంచు వెనక్కి జారి ఇరుక్కుంటుంది. దీన్ని రిమ్ లాక్ అంటారు. ఇది పట్టేస్తే స్లైడ్ ఎంత ఆడించినా రాదు, మ్యాగజైన్ బయటికి తీసి విప్పాల్సిందే. గుండ్రటి మొన ఉన్న పూర్తి పొడవు రౌండ్లతో ఈ బెడద చాలా తక్కువ. .22లో అంచు ఇంకా వెడల్పు కాబట్టి నింపేటప్పుడు పై రౌండ్ అంచు ఎప్పుడూ కింది దానికి ముందు ఉండేలా చూసుకోవాలి. ఫాలోవర్‌ను దించే మ్యాగజైన్ పక్క బటన్‌ను అడుగుదాకా లాగి రౌండ్లు గుప్పున జారవిడిచే పిల్లలకు ఈ అలవాటు మొదటి రోజే మాన్పించండి. ఒక్కొక్క రౌండ్‌కు సరిపడా బటన్ దించుతూ నింపితే వరస చెదరదు.

పోటీలకు వెళ్లేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 25 మీటర్ల పిస్టల్‌లో సిరీస్‌కు 5 షాట్లు. ర్యాపిడ్ దశలో ఒక్కో షాట్‌కు 3 సెకన్లే లక్ష్యం ఎదురుగా ఉంటుంది, మధ్యలో 7 సెకన్లు. అంత తక్కువ సమయంలో జామ్ అయితే నిబంధనల ప్రకారం ఆ తప్పు పిస్టల్‌దా, షూటర్‌దా అని అధికారి చూస్తాడు. మ్యాగజైన్ సరిగ్గా పెట్టకపోవడం, యంత్రం పాడవకుండానే అది జారిపడటం షూటర్ ఖాతాలోకే వస్తాయి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచాక మన పిల్లలు కూడా ఈ విభాగం మీద ఆశ పెట్టుకుంటున్నారు. ఏళ్ల సాధన ఒక వదులు క్యాచ్ వల్ల పోకూడదు. పోటీకి రెండు వారాల ముందే పోటీ మ్యాగజైన్లు ఏవో తేల్చేయండి, ఆ తర్వాత మార్చకండి.

ఏడో అడుగు: దోషం ఎక్కడుందో తేల్చడం

ఒకే నంబర్ మ్యాగజైన్‌తో అదే జామ్ మళ్లీ వస్తే దోషం మ్యాగజైన్‌ది. అన్నింటితోనూ వస్తే పిస్టల్‌ది లేదా రౌండ్లది. మొదటి రౌండ్ దగ్గరే ఇబ్బంది వస్తుంటే లిప్స్, మరీ గట్టి స్ప్రింగ్ చూడండి. ఆఖరి రెండు రౌండ్ల దగ్గర వస్తుంటే స్ప్రింగ్ నీరసపడింది. అనుమానమున్న మ్యాగజైన్‌కు, మంచి మ్యాగజైన్‌కు స్ప్రింగులు మార్చి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. జామ్ స్ప్రింగ్ వెంట వెళ్తే స్ప్రింగ్ మార్చండి. బాడీ వెంటే ఉండిపోతే ఆ బాడీని వాడటం ఆపేయండి.

లిప్స్‌ను మీరే ప్లయర్‌తో వంచకండి. ఇవాళ సరిపోయినట్టు కనిపిస్తుంది, రేపు పగులుతుంది. ఆయుధాల మరమ్మతుకు కూడా చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్లే కావాలి. పోటీకో ఆత్మరక్షణకో పనికిరాదని తేలిన మ్యాగజైన్‌ను బాగున్నవాటితో కలిపి ఉంచకండి, బేస్ ప్లేట్ మీద ఎర్ర గీత గీసి విడిగా పెట్టండి.

నింపి ఉంచితే స్ప్రింగ్ పాడైపోతుందన్న టెన్షన్ చాలామందికి ఉంది. తయారీదారు చెప్పిన సంఖ్యకు మించి నింపనంత వరకు, మంచి స్ప్రింగ్ నొక్కి ఉన్నంత మాత్రాన పెద్దగా బలం కోల్పోదు. దాన్ని అరగదీసేది పదేపదే నొక్కి వదలడం, తుప్పు.

ఎనిమిదో అడుగు: మన వాతావరణంలో కాపాడుకోవడం

బెజవాడ ఎండ, కృష్ణ ఒడ్డు ఉక్క, చెమట ఈ మూడూ ఉక్కుకు శత్రువులు. వేసవిలో జేబులో ఒక పూట పెట్టుకున్న మ్యాగజైన్ మీద మర్నాటికి వేలిముద్రల ఆకారంలో తుప్పు లేస్తుంది. బయటి భాగాన్ని నూనె గుడ్డతో తుడవండి. లోపల మాత్రం పొడిగా ఉండాలి. లోపల నూనె ఉంటే దుమ్ము పట్టి ముద్దవుతుంది, రౌండ్ అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి ఇంకితే రౌండ్ పేలకపోవచ్చు. తోలు పౌచ్‌లో నెలల తరబడి ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ ఉన్న డబ్బాలో, తాళం లోపల ఉంచండి.

గుంటూరు మిర్చి యార్డులో తిరిగేవారికి, పత్తి వ్యాపారులకు ఒక ప్రత్యేక జాగ్రత్త. మిర్చి దుమ్ము, పత్తి నూగు జేబులో ఉన్న మ్యాగజైన్ రంధ్రాల్లోంచి, లిప్స్ మధ్య నుంచి లోపలికి చేరతాయి. ఎర్రటి సన్నటి పొడి ఫాలోవర్ పక్కల పేరుకుని, చెమట తగిలితే జిగురుగా మారుతుంది. సీజన్‌లో వారానికోసారి ఖాళీ చేసి, విప్పి, పొడి బ్రష్‌తో దులపండి. మూత ఉన్న పౌచ్ వాడండి, ఆ జేబులో తాళాలు, చిల్లర ఉండకూడదు.

చాలా .22 రౌండ్ల బుల్లెట్ పైన మైనం పూత ఉంటుంది. మే ఎండల్లో కారులో వదిలిన రౌండ్ల మీద అది మెత్తబడి మ్యాగజైన్ లోపల నల్లటి పొరలా పేరుకుంటుంది. అయిదారు సాధనలకోసారి శుభ్రం చేయండి. రేంజ్‌లో సిమెంటు నేల మీద పడితే లిప్స్ వంగుతాయి కాబట్టి కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ వేసుకోండి. పడిన మ్యాగజైన్‌ను మళ్లీ క్యాలిపర్‌తో కొలిచాకే వాడండి.

ఎన్నికల వేళ ఆయుధాల డిపాజిట్

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో గానీ డీలర్ దగ్గర గానీ జమ చేయమని ఆదేశం వస్తుంది. ఇచ్చే ముందు మ్యాగజైన్లన్నీ ఖాళీ చేసి, తుడిచి, నూనె గుడ్డలో చుట్టండి. రసీదులో పిస్టల్ నంబర్‌తో పాటు ఎన్ని మ్యాగజైన్లు, వాటి మీద మీరు వేసిన నంబర్లు ఏవి, ఎన్ని రౌండ్లు అన్నది కూడా రాయించండి. ‘సార్, ఇవి కూడా రాయండి’ అని అడగడానికి మొహమాటపడకండి, రాయనిది తర్వాత అడగలేం. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే నంబర్లు సరిచూసుకోండి. ఇంటికొచ్చాక ప్రతి మ్యాగజైన్ విప్పి తుప్పు చూడండి, లిప్స్ మళ్లీ కొలవండి, ఆ తర్వాత రేంజ్‌కు వెళ్లినప్పుడు ఒక్కోదాన్ని ఒకసారి పూర్తిగా నింపి కాల్చి చూసి పుస్తకంలో తేదీతో రాసుకోండి.